మూగదానికి సెలవిచ్చిన ఆయుధ పూజ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే కనక అక్క అల్లుడు ప్రశాంత్ మద్రాసులో మా పెరంబూరు ఇంటికి వచ్చాడు. కనక అక్క నాకు తోడబుట్టింది కాదు. అంబత్తూరు ఎస్టేట్‌లో పంపు మూతలూ స్విచ్చు డబ్బాలూ పోతపోయడానికి ఇనప అచ్చులు చేసే చిన్న షెడ్డు ఆమెది. నా ఇరవై రెండో ఏటి నుంచీ ఆమెను ఎరుగుదును, ఆ షెడ్డులో సర్వరు ఏదైనా బిగించేది నేనే. అల్లుడిది కరీంనగర్, ఉద్యోగం ఇక్కడే ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. బుద్ధిమంతుడు. ఒక్కటే లోపం, ఏది కొన్నా మోయడానికి ఇద్దరు మనుషులు కావాల్సిన సైజులో కొంటాడు. ఆ రోజు చేతిలో ఒక కొటేషన్ పట్టుకొచ్చాడు. షెడ్డులో అందరూ అచ్చుల బొమ్మలు, అంటే డ్రాయింగులు, దాచుకునే సర్వరు పాతబడిపోయిందట, కొత్తది కొనాలట. "అత్తమ్మ మీకు ఒకసారి చూపియ్యమన్నది ఆంటీ. లేకుంటే నిన్ననే ఆర్డర్ పెట్టేటోన్ని" అన్నాడు, నేను అడ్డుపడ్డట్టు కొంచెం బాధగా.

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మా ఫ్రిజ్ అంత ఎత్తు బీరువా, అందులో రెండు ప్రాసెసర్లు, ఎనిమిది ఫ్యాన్లు, మా వీధిలో వాళ్ళందరి ఫొటోలూ పెళ్ళి వీడియోలూ పెట్టినా ఇంకా సగం ఖాళీగా మిగిలేంత చోటు. దాన్ని చల్లగా ఉంచడానికి విడిగా ఒక ఏసీ. "ఒకే టైంలో ఎంతమంది బొమ్మలు తెరుస్తారు నాయనా?" అని అడిగాను. "ఐదుగురు. మస్తు అంటే ఆరుగురు." కాగితం మడిచి టేబుల్ మీద పెట్టాను. "రేపు కంపెనీ పెరిగితే ఎట్ల ఆంటీ?" అన్నాడు. "మీ అత్తగారి షెడ్డులో నేను ఎరిగినప్పటి నుంచీ తొమ్మిది మందే. పెరగాలన్న ఆశ ఆమెకి లేదు, ఏసీకి ఉందేమో" అన్నాను. పాపం నవ్వాడు. అయినా మాటలతో నమ్మే వయసు కాదు కదా, వాళ్ళ షెడ్డుకి ఒకప్పుడు ఎంత చిన్నది సరిపోయిందో కళ్ళతో చూపిద్దామని స్టూలెక్కి లాఫ్టు మీద కొలువు బొమ్మల పెట్టె వెనకనించి ఒక మూట దించాను. పాత పంచెలో చుట్టిన సన్నటి కంప్యూటర్ డబ్బా. ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు పాత పుస్తకం రంగు. దాని నుదుట, అంటే బటన్ పైన, ఎండిపోయిన చందనం, దాని మీద కుంకుమ.

"ఇదేంది ఆంటీ, కంప్యూటర్‌కి బొట్టు పెట్టిన్రు?" అన్నాడు ప్రశాంత్. ఏదో చెప్పి పంపేశాను. అసలు సంగతి ఆ రోజు చెప్పలేదు. నిజానికి అది ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నేను నెల్లూరు నుంచి కంప్యూటర్ కోర్సు చేయడానికని మద్రాసు వచ్చి మా పెదనాయన ఇంట్లో దిగాను. ఆరు నెలల కోర్సు. తొమ్మిదేళ్ళు ఉన్నాను. పెదనాయన అంటే మా నాన్నకి అన్న, పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. రిటైరైన ఏడాది పక్కింటి వాళ్ళ కంప్యూటర్ ఫ్యాను గోల చేస్తోందని వెళ్ళి, దాన్ని విప్పి, నూనె చుక్క వేసి, లోపలున్నవన్నీ ఏమిటో అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి పెద్దమ్మతో "ఇది మా రైలింజన్ కంటే సుళువు" అన్నాడట. అంతే, ఆయన రెండో ఉద్యోగం మొదలైంది. చిన్న చిన్న ఆఫీసులకీ, ప్రెస్సులకీ, షెడ్లకీ సర్వర్లు తయారు చేసి ఇచ్చేవాడు. సర్వరు అంటే అదేదో గుడిలో దేవుడనుకునేవాళ్ళకి ఆయన చెప్పే అర్థం ఒకటే: నలుగురూ వాడుకునే వస్తువుని ఒకచోట పెట్టి, అడిగినవాళ్ళకి అడిగింది అందించేది. దానికి తెర అక్కర్లేదు, మీటలు అక్కర్లేదు. ఒక మూల కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. అందుకే పెద్దమ్మ దానికి మూగది అని పేరు పెట్టింది. "ఈ వారం ఎన్ని మూగవాటిని చేసినారు?" అని ఆయన్ని అడిగేది, మురుకులు ఎన్ని చుట్టారని అడిగినంత మామూలుగా.

ఆ ఇంటి పొద్దుటి వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. ముందు డికాక్షన్, ఆ వెంటనే సాంబ్రాణి, ఆ తరవాత వసారాలోంచి సోల్డరింగ్ పొగ. ఈ మూడూ కలిసిన గాలి పీల్చి పెద్దమ్మ రోజూ ఒకే మాట అనేది, "ఈ ఇంట్లో దేవుడికి ఏది ధూపమో తెలీకుండా పోయె" అని. పెదనాయన చొక్కా వేసుకోకుండా వసారాలో చాప మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ మొనను తిరుగుతున్న ఫ్యాను డబ్బా మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. వర్క్‌షాపులో బేరింగు బాగుందో లేదో అలాగే వినేవారట. ఆయన వింటున్నంతసేపూ ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. కుక్కర్ విజిల్ వస్తే పెద్దమ్మదే తప్పు.

శనివారాలు ఇద్దరం చింతాద్రిపేట వైపు ఎలక్ట్రానిక్ సామాన్ల బజారుకి వెళ్ళేవాళ్ళం. అక్కడ అందరూ కొత్తగా వచ్చిన మోడళ్ళ ముందు గుమిగూడి ఉంటే, మా పెదనాయన పెద్ద ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్ల గుట్ట దగ్గర చతికిలబడేవాడు. స్పీడు అడిగేవాడు కాదు. కరెంటుని సర్దుబాటు చేసి ఇచ్చే పెట్టెను చేతిలోకి తీసుకుని బరువు చూసేవాడు, తేలికగా ఉంటే పక్కన పెట్టేసేవాడు. తరవాత దాని సందుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు, లోపల ఏదైనా మాడి ఉంటే తెలుస్తుందని. అంగడివాళ్ళకి ఆయన అలవాటే. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది. నేను కోర్సులో ఫస్టు వచ్చినదాన్ని, నా పక్కన ఒక పెద్దమనిషి పుచ్చకాయ కొంటున్నట్టు కంప్యూటర్ని తట్టి, మోసి, వాసన చూస్తుంటే నేను రెండడుగులు దూరంగా నిలబడి వేరే ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు నటించేదాన్ని.

ఎంత మిషన్ కావాలో లెక్క కట్టే పద్ధతి మాత్రం ఆయనది కాదు, పెద్దమ్మది. ఆ ఇంటికి బంధువులు తెరిపి లేకుండా వచ్చేవారు. పద్నాలుగు మంది ఉన్న రోజు కూడా ఆవిడ పెద్ద గిన్నె దించేది కాదు. "ఇంట్లో ఎంతమంది అని కాదు పాపా, ఒక పంక్తిలో ఎంతమంది కూర్చుంటారు అని చూడాల. మన హాల్లో ఐదుగురికి మించి పట్టరు. ఐదుగురికి వేడిగా వండు, వాళ్ళు లేచేసరికి ఇంకో ఐదుగురికి." పెదనాయన ఈ మాటని అలాగే ఎత్తుకుపోయి ఆఫీసుల్లో చెప్పేవాడు. మా దగ్గర నలభై మంది ఉన్నారు సార్, పెద్ద మిషన్ కావాలి అని ఎవరైనా అంటే, "పంక్తిలో ఎంతమంది?" అని అడిగేవాడు. వాళ్ళకి అర్థమయ్యేది కాదు. నేను అనువాదం చేసేదాన్ని. ఇంకో మాట కూడా పెద్దమ్మదే. కాఫీ కాచే గిన్నెలో రసం పెట్టకూడదు. అందుకని ఆయన ఒక మూగదానికి ఒక్క పనే అప్పజెప్పేవాడు. బొమ్మలు దాచేది బొమ్మలే దాచాలి, దాని మీద ఎవరూ ఉత్తరాలు టైపు చేయకూడదు, పాటలు పెట్టకూడదు.

ఆయనకంటూ సొంతంగా ఉన్న సిద్ధాంతం ఒకటే. "తిరిగేది ఏదైనా ఒకనాటికి నిలబడిపోతుంది. అందుకని తిరిగేది రెండు పెట్టు. తిరగనిది పాతదైనా పర్వాలే." ఆ రోజుల్లో హార్డ్ డిస్కు అంటే లోపల పళ్ళేలు గిర్రున తిరిగే ఇనప డబ్బీ. దాచుకున్నవన్నీ ఆ పళ్ళేల మీదే ఉంటాయి. పెదనాయన ఏ సర్వరులోనైనా రెండు డిస్కులు బిగించి, ఒకదాని మీద రాసిందల్లా రెండోదాని మీదా పడేట్టు చేసేవాడు. ఇది సర్వర్లకే పరిమితం కాదు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ప్యాంటు జేబుల్లో రెండు చేతిగుడ్డలు, ఇంటి తాళంచెవి ఒకటి సంచిలో, ఇంకొకటి మొలతాడుకి. కళ్ళజోళ్ళు కూడా రెండు, ఒకటి పోతే వెతుక్కోవడానికి రెండోది. "అన్నీ రెండు రెండు పెట్టుకుంటాడు, పెళ్ళాన్ని మాత్రం ఒక్కదాన్నే చేసుకున్నాడు, అదే పదివేలు" అనేది పెద్దమ్మ.

ఇక ఆయుధ పూజ. ఈ ఊళ్ళో అది ఎంత పెద్ద పండగో ఇక్కడ పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎవడి పనిముట్టు వాడికి దేవుడు. ఆటోకి దండ, కుట్టుమిషనుకి బొట్టు, ఇస్త్రీపెట్టెకి పసుపు. ఆ రోజు పనిముట్టుని ముట్టుకోకూడదు, మర్నాడు విజయదశమికి మళ్ళీ మొదలుపెట్టాలి. పెదనాయన అరిటాకు మీద స్పానర్లూ, స్క్రూడ్రైవర్లూ, మీటరూ పేర్చి నమస్కారం పెట్టేవాడు. కానీ వసారాలో మా ఇంటి సర్వరు ఒకటి ఏళ్ళ తరబడి నడుస్తూ ఉండేది, దాన్ని మాత్రం ఆపేవాడు కాదు, నడుస్తుండగానే బొట్టు పెట్టేవాడు. నేను వచ్చిన మొదటి ఏడాది ఇది కనిపెట్టి, "దీనికి సెలవు లేదా పెదనాయనా?" అని ఎగతాళి చేశాను. "గుండెకి పూజ చెయ్యాలంటే ఆపి చేస్తారా పాపా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. బద్ధకానికి వేదాంతం చెబుతున్నాడనుకున్నాను.

రెండో ఏడాది కనక అక్క వచ్చింది. అప్పటికి ఆమెకి నలభై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న దగ్గర పెన్సిలుతో అచ్చు బొమ్మలు గీయడం నేర్చుకుని, నలభై దాటాక కంప్యూటర్ మీద గీయడం నేర్చుకున్న మనిషి. షెడ్డులో నాలుగు కంప్యూటర్లు, ఒకదానిలో ఉన్న బొమ్మ ఇంకొకదానిలో ఉండదు, ఎవరు ఏది మార్చారో తెలీదు, అన్నీ ఒకచోట పెట్టే ఏర్పాటు కావాలంది. పెదనాయన ఆమె మాట విని, నావైపు తిరిగి, "ఇది నువ్వు చెయ్యి పాపా. మొత్తం నువ్వే" అన్నాడు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆయన అలమారా తెరిచి రెండు డిస్కులు తీసి ఇచ్చాడు. ఒకటి కొత్తది. రెండోది మా వసారా సర్వరులో అయిదేళ్ళు ఆగకుండా తిరిగినది. ఆ సర్వరుని అప్పుడే పెద్దది చేసి, దాన్ని తీసి పెట్టాడు.

మిగతా సామాను నేను ఒక్కదాన్నే బజారుకెళ్ళి ఎంచుకున్నాను. అన్నీ ఆయన పద్ధతిలోనే ఎంచాను, పెట్టె బరువు చూశాను, ఎవరూ చూడకుండా వాసన కూడా చూశాను. చివర్లో డబ్బా దగ్గర నా బుద్ధి గడ్డి తింది. ఒక అంగట్లో సన్నగా, తెల్లగా, నాజూగ్గా ఉన్న డబ్బా ఒకటి కనిపించింది. పెదనాయన వాడే డబ్బాలు గోదాముల్లో బియ్యం పెట్టెల్లా ఉంటాయి. నా మొదటి సర్వరు చూసి షెడ్డుకి వచ్చే పెద్ద కంపెనీల వాళ్ళు ఇదెవరు చేశారని అడగాలి కదా! కొన్నాను. ఇంటికొచ్చి బిగించబోతే అందులో ఒక్క డిస్కుకే చోటుంది. డబ్బా మార్చుకు రావచ్చు. ఆ చక్కదనం వదులుకోలేకపోయాను. కొత్త డిస్కు కీచుమంటున్నట్టు అనిపించింది, లేదా అలా అనిపించిందని నాకు నేను చెప్పుకున్నాను. అయిదేళ్ళు మాట రానివ్వని డిస్కు ఒక్కటి చాలదా అని పాతదాన్నే బిగించి, కొత్తదాన్ని అలమారాలో పాత పేపర్ల కింద పెట్టేశాను. మర్నాడు పొద్దున పెదనాయన కాఫీ తాగుతూ అడిగాడు, "రెండూ బిగించినావా?" అని. "ఆఁ" అన్నాను.

ఆ సర్వరు నూనె డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చుని పది నెలలు నడిచింది. ఒక్కసారి కూడా ఆగలేదు. షెడ్డులో అందరికీ అదంటే గౌరవం. ఆయుధ పూజకి కనక అక్క నన్ను రమ్మని పిలిచింది. వెళ్ళేసరికి అరటి పిలకలు కట్టి, లేత్ మిషన్లూ డ్రిల్లింగ్ మిషన్లూ కిరోసిన్‌తో తుడిచి, దండలు వేసి ఉన్నాయి. బొరుగులూ శనగలూ బెల్లమూ పళ్ళేల్లో పోశారు. ఆఖరికి చీపురుకి కూడా బొట్టు పెట్టారు. బూడిదగుమ్మడికాయ పగలకొట్టబోతూ కనక అక్క స్టూలు దగ్గర ఆగింది. "ఏం పాపా, ఇది మాత్రం ఏం పాపం చేసింది? లేతుకి సెలవు, చీపురుకి సెలవు, ఇది ఒక్కటే రాత్రీ పగలూ కుయ్యిమంటానే ఉండాది. ఒక్క రోజు ఆపు పాపా. సుమ్మా, ఊరికే కూర్చోనీ" అంది. పనివాళ్ళందరూ నావైపు చూశారు. పెదనాయన గుండె మాట నాకు గుర్తు రాలేదని చెప్పలేను. వచ్చింది. కానీ ఆ చిన్న తెల్లటి డబ్బా మీద బంతిపూల దండ వేసి, అది నిశ్శబ్దంగా కూర్చుంటే చూడాలని నాకే ముచ్చటేసింది. ఆపేశాను. చందనం నేనే పెట్టాను.

మర్నాడు విజయదశమి. కర్పూరం వెలిగించి, మంచి గడియ చూసి, నన్నే బటన్ నొక్కమన్నారు. నొక్కాను. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, డిస్కు మాత్రం కదల్లేదు. లోపల టిక్కుమని ఒక చిన్న చప్పుడు, అంతే. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టిక్కు. అలమారాలోంచి తీసి బిగించినప్పుడు లేచింది గానీ, ఆ మీదట షెడ్డు వేడిలో ఇంకో పది నెలలు తిరిగిన పళ్ళెం ఒక రోజంతా చల్లబడేసరికి పట్టేసింది. అయిదేళ్ళు ఆగకపోవడమే దాని గొప్ప అనుకున్నాను. ఆగితే మళ్ళీ లేవకపోవచ్చని నాకు తెలీలేదు. కనక అక్క గీసిన బొమ్మలన్నీ దాని మీదే ఉన్నాయి. పాత కంప్యూటర్లలోని కాపీలు నేనే తుడిచేయించాను, గందరగోళం ఉండకూడదని. ఆ వారంలోనే ఒక పంపుల కంపెనీకి అచ్చు అందించాలి. అది తప్పితే ఆ కంపెనీ మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కదు, ఆ కంపెనీ లేకపోతే తొమ్మిది మందికి పని లేదు. కనక అక్క నన్ను ఏమీ అనలేదు. కర్పూరం పళ్ళెం కింద పెట్టి, "మీ పెదనాయనకి ఫోన్ చెయ్యి పాపా" అంది.

ఫోను పెద్దమ్మ ఎత్తింది. "ఏందే, మూగది అలిగిందా?" అంది. నా గొంతు విని మారు మాట్లాడకుండా ఆయనకిచ్చింది.

"డిస్కు తిరగలేదు పెదనాయనా."

"ఏది? రెండిట్లో ఏది?"

నేను ఫోను పట్టుకుని ఆ నాజూకు డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను. అవతల పేపర్లు కదిలిన శబ్దం వినిపించిందని ఇప్పుడు అనిపిస్తుంది, అది నా ఊహేమో. "సరే. దాన్ని కదిలించబాక. వస్తా ఉండా" అని పెట్టేశాడు.

లోకల్ ట్రైను పట్టుకుని, అంబత్తూరు స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు. జేబులోంచి చేతిగుడ్డ మూట తీసి టేబుల్ మీద విప్పాడు. అందులో నేను పేపర్ల కింద దాచిన కొత్త డిస్కు. రెండో చేతిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. డబ్బా మూత విప్పి లోపలికి చూశాడు. ఒక్క డిస్కుకే చోటున్న ఆ నాజూకు డబ్బాని చూసి, నావైపు చూడకుండా కనక అక్క వైపు తిరిగాడు. "తప్పు నాదేమ్మా. ఒక్కటి చాలనుకున్నా" అన్నాడు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. ఇంతకాలమూ రాలేదు.

పాత డిస్కుని బయటికి తీసి, బొమ్మలు గీసే టేబుల్ దీపం కింద గుడ్డ మీద పడుకోబెట్టాడు. గోరువెచ్చగా అయ్యేదాకా వేలితో తడిమి చూస్తూ కూర్చున్నాడు. తరవాత దాన్ని అరచేతిలో పెట్టుకుని తీగలు తగిలించి, నన్ను బటన్ నొక్కమని, అది టిక్కుమన్న క్షణాన, బిగిసిపోయిన సీసా మూత తిప్పినట్టు మణికట్టుని ఒక్క విసురు తిప్పాడు. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి లోపల ఏదో విడిపోయి కుయ్యిమని లేచింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపాడు. "ఎవరూ మిషన్ వెయ్యబాకండి. నేల అదిరిందంటే మళ్ళా నిలబడిపోతుంది" అన్నాడు.

అలా విజయదశమి నాడు, కొత్తగా పని మొదలుపెట్టాల్సిన రోజున, ఆ షెడ్డులో లేతులూ డ్రిల్లింగ్ మిషన్లూ అన్నీ ఇంకో రోజు సెలవు తీసుకున్నాయి. సెలవిచ్చిన మూగది ఒక్కటే పని చేసింది. పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి బొమ్మలు ఒక్కొక్కటే పోతుంటే తొమ్మిది మంది పనివాళ్ళు చెప్పులు విప్పి, బొరుగులు కూడా చప్పుడు కాకుండా నములుతూ కూర్చున్నారు. ఒకాయన తుమ్మబోయి బయటికి పరిగెత్తాడు. కనక అక్క నూనె డబ్బా బోర్లించుకుని కూర్చుని, డిస్కు మరీ వేడెక్కకుండా అట్టముక్కతో విసిరింది. పొద్దు వాలేదాకా విసురుతూనే ఉంది. మూడు బొమ్మలు మాత్రం రాలేదు. అందులో పంపు మూతది ఒకటి. ఆమె "పర్వాలే, అది నా చేతిలో ఉండాది" అని, పాత డ్రాయింగ్ బోర్డు దుమ్ము దులిపి, రెండు రోజులు కూర్చుని పెన్సిలుతో గీసింది. అచ్చు సమయానికి వెళ్ళింది.

తిరుగు ట్రైనులో పెదనాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కొరట్టూరు దాటాక ఒకే ఒక్క మాట అన్నాడు, "డబ్బా అందంగానే ఉండాది" అని. నాకు ఏడుపు ఆగలేదు. బోగీలో అందరూ చూస్తుంటే ఆయన తన శుభ్రంగా ఉన్న చేతిగుడ్డ నా చేతిలో పెట్టి, బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ తరవాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కనక అక్క షెడ్డుకి బియ్యం పెట్టె లాంటి డబ్బా వెళ్ళింది, రెండు డిస్కులతో. నాజూకుది ఇంటికొచ్చి లాఫ్టెక్కింది. ఏటా ఆయుధ పూజకి పెద్దమ్మ దాన్ని దింపించి బొట్టు పెట్టేది. "ఇది నీకు చదువు చెప్పిన పంతులు" అనేది నాతో. ఆవిడకి ఆయన ఎంతవరకు చెప్పాడో నాకు తెలీదు.

పెదనాయన పోయి ఏడేళ్ళు, ఆయన వెనకే పెద్దమ్మ. ఆ ఇల్లు నాకు మిగిలింది. ఇప్పుడు వసారాలో సోల్డరింగ్ పొగ లేదు. సర్వరు ఇప్పుడు అరచేతిలో పడుతుంది, చప్పుడు చెయ్యదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుంటే ఆయనకి ఏం వినబడేదో అనుకుంటాను. డిస్కులు తిరగడం కూడా మానేశాయి. ప్రశాంత్‌కి బీరువా వద్దని చిన్న పెట్టె ఒకటి ఎంచి, మంచి కరెంటు పెట్టె, దుమ్ము ఆపే జల్లెడ, రెండు డిస్కులు రాసిస్తే, అతను సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. "ఇవి తిరగయి కద ఆంటీ, రెండెందుకు?" "తిరిగేది పోయేముందు మూలుగుతుంది నాయనా. ఇది చెప్పకుండా పోతుంది" అన్నాను. పెదనాయన సిద్ధాంతాన్ని ఆ మాత్రం సవరించుకున్నాను. అన్నీ షెడ్డులోనే ఉంచకుండా ఇంకో కాపీ అతని ఇంట్లో ఉండేట్టు కూడా పెట్టించాను. రెండు మూడయ్యాయి. ఆయన ఉంటే ఒప్పుకునేవాడు.

పోయిన వారం దాన్ని బిగించడానికి అంబత్తూరు వెళ్ళాను. కనక అక్కకి డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించవు, కానీ కుర్చీ వేయించుకుని స్టూలు పక్కనే కూర్చుంది. ప్రశాంత్ వైర్లు తీసుకురావడానికి బయటికి వెళ్ళాడు. పాత డబ్బా మీద బొట్టు గురించి అతను అడిగినప్పటి నుంచీ నా లోపల కదులుతున్నది ఇక ఆగలేదు. చెప్పేశాను. పెదనాయన రెండు డిస్కులు ఇచ్చాడని, డబ్బా అందం చూసి ఒక్కటే బిగించానని, రెండూ బిగించినావా అని అడిగితే ఆఁ అన్నానని, ఆయన నా తప్పు తన మీద వేసుకుంటే నోరు మూసుకుని నిలబడ్డానని.  యాభై దాటిన మనిషిని, ఇరవై రెండేళ్ళ పిల్లలా తల వంచుకుని చెప్పాను.

కనక అక్క ఆశ్చర్యపోలేదు. "ఆమా, తెలుసు కదా" అంది తలూపుతూ.

"పెదనాయన చెప్పాడా?"

"ఆయన ఎందుకు చెప్తాడు? జేబీలో రెండు పెన్నులు పెట్టుకోని తిరిగే మనిషి ఒక్క డిస్కు పెడతాడా పాపా? ఆయన తప్పు నాది అన్నప్పుడే తెలిసిపోయె."

 "మరి ఆ తరవాత కూడా నన్నే ఎందుకు పిలిచావక్కా? ఇన్నేళ్ళూ ఒక్క మాట అడగలేదే?"

"ఆపమన్నది నేనే కదా, నిన్ను ఏమని అడిగేది? నువ్వే చెప్తావులే అని చూస్తా ఉండినా. ఇంత లేట్ చేస్తివే" అని నవ్వింది. ఆ నవ్వులో కోపం వెతికాను, లేదు. నా కళ్ళలో నీళ్ళు చూసి, మోకాలి మీద చెయ్యేసి ముందుకు వంగి, కొత్త పెట్టెను చూపుడు వేలితో తట్టింది.

"సరే గానీ, దీంట్లో రెండూ బిగించినావా?"

నేను ఆఁ అనలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని, నాలుగు మరలూ విప్పి, మూత తెరిచి ఆమెకి చూపించాను.